ఇల్లు లేని మిలటరీ ఆయన: అపోహలు – వాస్తవాలు

కృష్ణా డెల్టా ఊళ్లలో సైన్యంలో చేసి వచ్చినవాణ్ని ‘మిలటరీ ఆయన’ అంటారు. నెలనెలా పెన్షను, క్యాంటీన్ కార్డు, జెండా పండగనాడు వేదిక మీద కుర్చీ. ఊరి కంటికి కనిపించేవి ఇవే. అలాంటి మనిషికి తలదాచుకోను చోటు లేదంటే ఎవరూ నమ్మరు. అందుకే సాయం చేసే మనసున్నవాళ్లు కూడా ఆయన్ను అడగరు, ఆయనా నోరు తెరిచి చెప్పడు.

అపోహ: యూనిఫాం వేసిన ప్రతివాడికీ పెన్షను వస్తుంది.

రాదు. సిపాయిగా చేరినవాడికి సర్వీసు పెన్షను రావాలంటే కనీసం 15 ఏళ్లు పనిచేసి ఉండాలి. తల్లి మంచాన పడిందనో, చెల్లెలి పెళ్లి బాధ్యత మీద పడిందనో పదో ఏట తనంతట తాను బయటికొచ్చినవాడికి ఆ పెన్షను లేదు. మాజీ సైనికుడన్న హోదా కూడా సాధారణంగా దక్కదు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్‌లలో చేసినవారినీ ఊరు మిలటరీ అనే పిలుస్తుంది గానీ ప్రభుత్వ లెక్కలో వారు వేరు.

పెన్షను లేకపోయినా మాజీ సైనికుడి హోదా ఉండి 65 ఏళ్లు దాటిన పేదలకు, వారి వితంతువులకు రక్షణ శాఖ సంక్షేమ నిధి నుంచి నెలకు 4,000 రూపాయలు అందేది. హవల్దారు స్థాయి వరకే ఇది వర్తిస్తుంది. 2025 నవంబరు 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు దాన్ని 8,000 చేశారు. డిసెంబరు 7న బడిపిల్లలు చొక్కాకు గుచ్చుకునే చిన్న జెండా డబ్బులు చేరే పతాక నిధిలో భాగమే ఈ సంక్షేమ నిధి. ఆ 8,000లోనే బెజవాడలో గది అద్దె, కరెంటు బిల్లు, బీపీ మాత్రలు, రెండు పూటల తిండి సర్దుకోవాలి. పైగా దరఖాస్తు పెట్టుకోవచ్చని తెలిసినవారికే ఆ డబ్బు వస్తుంది.

అపోహ: ఒకసారి మంజూరైన పెన్షను ఇక ఆగదు.

చాలా ఇళ్లు చెదిరిపోయేది ఇక్కడే. బతికే ఉన్నానని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇప్పుడది ఎక్కువమందికి స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో జరుగుతోంది. ముసలితనంలో వేలిముద్రలు అరిగిపోతాయి, ఫోన్ నంబరు మారుతుంది, కొడుకు ఊళ్లో ఉండడు. సర్టిఫికెట్ అందకపోతే పెన్షను ఆగుతుంది. రెండు మూడు నెలల అద్దె బాకీ పడితే ఇల్లుగలాయన ఖాళీ చేయమంటాడు.

వితంతువు సంగతి ఇంకా కష్టం. భర్త పెళ్లయ్యాక భార్య పేరును రెజిమెంటు రికార్డుల్లో పార్ట్-2 ఆర్డరు ద్వారా ఎక్కించి ఉండాలి. ఆయన ఎక్కించకపోతే, లేదా అక్కడ ఒకలా, ఆధార్‌లో ఒకలా పేరు పడితే ఫ్యామిలీ పెన్షను చిక్కుల్లో పడుతుంది. మనకు ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు. సైన్యం కాగితాల్లో అదే ఇంటిపేరు చివరికి పోతుంది, ఒక్కోసారి పూర్తిగా ఎగిరిపోతుంది. పొడి అక్షరాల పేరు ఒకచోట, పూర్తి పేరు మరోచోట. ఆ ఒక్క తేడా సరిచేయించుకోవడానికి చదువురాని ముసలమ్మ నెలల తరబడి తిరగాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి బెజవాడలో సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లు మునిగినప్పుడు బీరువాల్లోని కాగితాలు తడిసి ముద్దయిపోయాయి. సైనికుడి డిశ్చార్జి బుక్కు పోతే నకలు ఇవ్వాల్సింది కలెక్టరేటు కాదు, ఆయన పనిచేసిన విభాగపు రికార్డ్స్ ఆఫీసు. మద్రాస్ రెజిమెంటు వారికి వెల్లింగ్టన్, ఫిరంగి దళం వారికి నాసిక్ రోడ్, యంత్రాల మరమ్మతు దళం ఈఎంఈ వారికి సికింద్రాబాద్. నకలు కోరుతూ ఉత్తరం ఎవరికి రాయాలో, అందులో ఏ నంబరు వేయాలో తెలిసిన రిటైర్డ్ సుబేదారో, క్లర్కో చాలా పేటల్లో ఒకరైనా ఉంటారు. వారానికి ఒక సాయంత్రం ఆయన వీధి అరుగు మీద కూర్చుని నలుగురి కాగితాలు చూసినా కొన్ని కుటుంబాలు రోడ్డున పడకుండా ఆగుతాయి. నా దృష్టిలో ఇటుక, సిమెంటు కన్నా ముందు అందాల్సిన సాయం ఇది.

అపోహ: ఇల్లు లేనివాడు ఫుట్‌పాత్ మీదే కనిపిస్తాడు, మన ఊళ్లో మిలటరీవాళ్లు అలా లేరు.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిలువ నీడ లేనివారు సుమారు 1.45 లక్షల మంది. పేవ్‌మెంటు, ప్లాట్‌ఫాం, గుడి మంటపం వంటి చోట్ల ఉన్నవారే ఈ లెక్కలోకి వచ్చారు. ఏలూరు కాలువ కట్ట మీద రేకుల పాకలో ఉన్నవాడు, కొడుకు ఇంటి వసారాలో మంచం వేసుకున్నవాడు, కాపలా కాసే అపార్ట్‌మెంటు సెల్లారులోనే పడుకునే సెక్యూరిటీ గార్డు రాలేదు. సైన్యంలో చేశారా అని ఆ లెక్కల్లో ఎవర్నీ అడగలేదు. అడగనిదానికి జవాబు ఎక్కణ్నుంచి వస్తుంది?

అమెరికాలో ఏటా జనవరిలో ఒక రాత్రి వీధులు, షెల్టర్లు తిరిగి ఇల్లు లేనివారిని లెక్కిస్తారు. మాజీ సైనికులను విడిగా రాసుకుంటారు. 2010లో 74,087 మంది ఉండగా 2024 నాటికి 32,882కి తగ్గారు. అద్దెకు సర్కారు వోచర్లిచ్చింది. చాలా నగరాలు ఇల్లు లేని ఒక్కొక్కరి పేరుతో జాబితా పెట్టుకుని, ఆ పేరు పక్కన తాళంచెవి అందిందా లేదా అని చూసుకున్నాయి. మనకూ 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరు ఉండాలని చెప్పింది. తర్వాత వచ్చిన పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు షెల్టరులో ఉన్నవారికి ఆధార్, బ్యాంకు ఖాతా, పెన్షన్ల విషయంలో సాయపడాలన్నాయి. మన షెల్టర్ల రిజిస్టర్లలో ‘మిలటరీలో చేశారా?’ అన్న గడి ఒకటి ఉండి తీరాలి.

అపోహ: మాజీ సైనికులకు ప్రభుత్వం పొలం, స్థలం ఇచ్చేసింది.

అందరికీ కాదు. అసైన్‌మెంటు భూమి అనేది ఉంది, పదేళ్ల తర్వాత అమ్ముకునే వెసులుబాటూ మాజీ సైనికులకు ఉంది. కానీ దరఖాస్తు పెట్టాలి, ఇవ్వడానికి భూమి ఉండాలి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి సాగులోకి వస్తూ వచ్చిన డెల్టాలో పంచడానికి బంజరు ఎంత మిగిలి ఉంటుంది? 1978లో మొదలైన ఆర్మీ గృహనిర్మాణ సంస్థ కట్టేవి కొనుక్కునే ఇళ్లు, ఉచితం కావు. పట్టణ ఆవాస్ పథకంలో దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదన్న షరతు మిలటరీ ఆయనకూ వర్తిస్తుంది.

మరి ఇళ్లు ఊరే కట్టించగలదా? 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో స్వచ్ఛంద సంస్థలు ఊళ్లకు ఊళ్లు పక్కా ఇళ్లతో నిలబెట్టాయి. చేతగాక కాదు, అవసరం కంటబడక మనం ఆగిపోతున్నాం.

అపోహ: తాగి పోగొట్టుకున్నాడు, ముందు మానిపించాలి, తర్వాతే ఇల్లు.

కెనడాలో 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో రెండు వేలకు పైగా మందితో ఒక అధ్యయనం చేశారు. వారంతా మానసిక అనారోగ్యంతో, ఇల్లు లేకుండా ఉన్నవారు, చాలామందికి వ్యసనాలూ ఉన్నాయి. వ్యసనం మానాలన్న షరతు లేకుండా ముందు ఇల్లిచ్చి తర్వాత వైద్యం అందించినవారు మామూలు సేవలు పొందినవారి కన్నా ఎక్కువకాలం ఇంట్లో నిలిచారు. రోజూ రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియని మనిషి డాక్టరు చెప్పిన టైముకు మాత్ర ఎలా వేసుకోగలడు?

అపోహ: ఇది ముసలి తరం సమస్య, వాళ్లతోనే పోతుంది.

అగ్నిపథ్ నియామక పథకం కింద సైన్యంలో చేరిన మొదటి బ్యాచుల నాలుగేళ్ల గడువు 2026 చివర, 2027 మొదట్లో ముగుస్తుంది. వారిలో 25 శాతం వరకే కొనసాగుతారు. మిగతావారు వడ్డీ కాక సుమారు 10.04 లక్షల రూపాయల సేవానిధి మొత్తంతో ఇంటికి వస్తారు. పెన్షను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. అంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం తన రిజిస్టరులో రాసుకోవాల్సినవారి జాబితాలోనే ఈ కుర్రాళ్లు లేరు. వాళ్ల పేర్లు వార్డు సచివాలయాల్లోనైనా ఇప్పటి నుంచే రాసిపెట్టుకోవాలి.