జీఎం ఆవాలు: నూనె పెరిగేది గింజలోనా, పొలంలోనా?

భిలాయి సెక్టర్ 6లాంటి చోట్ల, ఉక్కు కర్మాగారం కోసం వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లకు ఆవాలంటే పోపు గింజలు. పక్క క్వార్టర్‌లోని బిహారీ, బెంగాలీ కుటుంబాలకు అవే వంటనూనె. అందుకే జన్యుమార్పిడి (జీఎం) ఆవాల వివాదం మనకు సంబంధం లేని ఉత్తరాది గొడవలా కనిపిస్తుంది. కానీ కేంద్ర ప్రభుత్వమే 2024లో చెప్పిన లెక్క ప్రకారం దేశ వంటనూనె అవసరాల్లో 57 శాతం దిగుమతులే తీరుస్తున్నాయి. అంతర్జాతీయ ధర పెరిగితే ఆ భారం అన్ని వంటిళ్ల మీదా పడుతుంది.

ఈ చర్చలో తరచూ కలిసిపోయే రెండు విషయాలను విడదీసి చూడాలి.

గింజలో నూనె పెంచడం ఎలా?

ఆకులో తయారైన చక్కెర గింజకు చేరి కొవ్వు ఆమ్లాలుగా మారుతుంది. మూడు కొవ్వు ఆమ్లాలు ఒక గ్లిసరాల్‌కు అతుక్కుంటే నూనె అణువు తయారవుతుంది. మూడోదాన్ని అతికించే ఎంజైమ్ పేరు డీజీఏటీ. ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువును గింజలో మరింత చురుగ్గా పనిచేయిస్తే నూనె పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. మొక్కజొన్నలో ఈ జన్యువు తాలూకు మెరుగైన రూపాన్ని ప్రవేశపెడితే నూనె 41 శాతం దాకా పెరిగిందని 2008లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. చక్కెరను నూనె వైపు మళ్లించే 'రింకిల్డ్-1' అనే జన్యువుపైనా పరిశోధనలు జరుగుతున్నాయి. అయితే గింజకు అందే చక్కెరకు పరిమితి ఉంటుంది. నూనె పెరిగితే పిండిపదార్థమో, ప్రోటీనో తగ్గే అవకాశం ఉంది.

డీఎంహెచ్-11 చేసేది వేరు

దిల్లీ విశ్వవిద్యాలయంలో దీపక్ పెంటల్ బృందం రూపొందించిన ఈ ఆవాల రకంలో నూనె తయారీ జన్యువులను మార్చలేదు. ఆవ మొక్క ఎక్కువగా తన పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతుంది. అందువల్ల హైబ్రిడ్ విత్తనం తయారుచేయడం కష్టం. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి తీసుకున్న 'బార్నేజ్' జన్యువు 'వరుణ' రకంలో పుప్పొడి తయారుకాకుండా ఆపుతుంది. 'ఎర్లీ హీరా-2' రకంలో పెట్టిన 'బార్‌స్టార్' జన్యువు, ఈ రెండింటి సంకరంలో ఆ అడ్డును తొలగిస్తుంది. అంటే ఇది దిగుబడి పెంచే మార్గం.

లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. 10 క్వింటాళ్ల ఆవాలలో 40 శాతం నూనె ఉంటే 4 క్వింటాళ్లు. అది 42 శాతానికి పెరిగితే మరో 20 కిలోలు వస్తుంది. నూనె శాతం మారకుండా, డీఎంహెచ్-11 రూపకర్తలు చెబుతున్నట్లు దిగుబడి 28 శాతం పెరిగితే 112 కిలోలు అదనం.

అభ్యంతరాలేమిటి?

ఆ 28 శాతం పాత రకమైన వరుణతో పోల్చిన అంకె అని విమర్శకులు అంటున్నారు. మూడో జన్యువు 'బార్' వల్ల మొక్క గ్లూఫోసినేట్ అనే కలుపు మందును తట్టుకుంటుంది. దీంతో పొలాల్లో ఆ మందు వాడకం పెరుగుతుందని, కలుపు తీసే కూలీలకు పని తగ్గుతుందని, తేనెటీగలకు ముప్పు ఉంటుందని వారి వాదన.

2022 అక్టోబరులో కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చింది. 2024 జులై 23న సుప్రీంకోర్టులో జస్టిస్ బీవీ నాగరత్న ఆ అనుమతిని తప్పుబట్టగా, జస్టిస్ సంజయ్ కరోల్ సమర్థించారు. జీఎం పంటలపై జాతీయ విధానం అవసరమని మాత్రం ఇద్దరూ ఏకీభవించారు.

జీఎం నూనె మనకు కొత్తేమీ కాదు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి గుంటూరు, వరంగల్ పొలాల్లో ఏటా పండుతోంది. ఆ గింజల నుంచి తీసిన పత్తి గింజల నూనె ఆహారంలోకి వస్తోంది. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి దిగుమతయ్యే సోయా నూనెలో అధికభాగం జీఎం పంటదే. కాబట్టి 'జీఎం కావాలా, వద్దా' అన్న ఒక్క ప్రశ్నతో ఈ చర్చ తేలదు. నేటి మేలైన హైబ్రిడ్ల కన్నా హెక్టారుకు ఎంత ఎక్కువ నూనె వస్తుంది? ఏటా కొనాల్సిన విత్తనానికి రైతు ఎంత చెల్లించాలి? కలుపు మందు వాడకాన్ని ఎవరు అదుపు చేస్తారు? జాతీయ విధానం జవాబు చెప్పాల్సింది వీటికే.