కల్లులోకి మందు ఎలా వచ్చింది?

నల్లమందు అంటే చైనా, చైనా అంటే గొట్టం పట్టుకుని మంచాన పడిన మనిషి. ఈ బొమ్మ మన మనసుల్లో గట్టిగా నాటుకుపోయింది. కానీ 19వ శతాబ్దపు చైనాలో ఇంటికొచ్చిన అతిథికి మర్యాదగా నల్లమందు ఇచ్చిన వర్తకులున్నారు. దగ్గుకూ విరేచనాలకూ ఒళ్లునొప్పులకూ వాడిన కూలీలున్నారు. అందరూ దానికి బానిసలై కూలిపోలేదు. దిగుమతైన నల్లమందులో చాలా సరుకు పాట్నా, బెనారస్ నుంచి ఇంగ్లీషువాళ్లు పంపిందే. 1839లో చైనా అధికారి లిన్ జెషూ 20 వేలకు పైగా పెట్టెలు స్వాధీనం చేసుకుని నాశనం చేస్తే దానికి బదులు యుద్ధం వచ్చింది, 1842లో హాంకాంగ్ పోయింది. 1906లో చైనా మళ్లీ నిషేధం మొదలుపెట్టింది, 1913కల్లా భారత్ నుంచి చైనాకు ఎగుమతి ఆగింది. నాకు ముఖ్యమనిపించే కథ ఆ తర్వాతిది. గొట్టాన్ని దాచడం కష్టం, వాసన పట్టిస్తుంది. మార్ఫీన్ సూదికీ హెరాయిన్ బిళ్లకూ ఆ ఇబ్బంది లేదు. పాతది పోయిన చోట అంతకంటే ప్రమాదకరమైనవి పాకాయని ఫ్రాంక్ డికాటర్, ఆయన సహ రచయితలు 2004లో వెలువరించిన పుస్తకంలో వాదించారు. వరంగల్ చుట్టుపక్కల కల్లు చరిత్రను ఆ వెలుగులో చదవాలి.

కల్లుకు ఇక్కడ ఒక గౌరవం ఉంది. 1708లో వరంగల్ మీద దాడి చేసిన సర్వాయి పాపన్న ఖిలాషాపూర్ గౌడు, గీత వృత్తివాడు. మోకు, ముస్తాదు కట్టుకుని చెట్టెక్కి, తాటిగెలనో ఈత మొవ్వనో గీసి లొట్టికి ఎత్తిన కల్లు పొద్దెక్కే కొద్దీ పులుస్తుంది, మర్నాటికి నోట పెట్టలేం. మత్తు తక్కువ, నిల్వ ఉండదు, చెట్టు ఇచ్చినంతే వస్తుంది. తాగుడుకు ఆ చెట్టే ఒక హద్దు. అందుకే చెట్ల కింద మండువాలో తాగే కల్లుకూ పట్నం దుకాణంలో సీసాల్లో వచ్చే కల్లుకూ పేరు తప్ప పోలిక లేదు. చెట్లు తగ్గాయి, గీసేవాళ్లు తగ్గారు, తాగేవాళ్లు పెరిగారు. దుకాణం దక్కించుకున్నవాడికి రోజూ నిండు సీసాలు కావాలి. ఆ లోటు పూడ్చింది నీళ్లూ సాక్రీనూ. నీళ్ల కల్లుకు మత్తు తెచ్చింది మొదట క్లోరల్ హైడ్రేట్, తర్వాత జనం డైజోఫాం అనే డయాజిపాం, ఇప్పుడు అల్ప్రాజోలం. ప్రతి మార్పులోనూ మందు మోతాదు చిన్నదైంది, దాచడం తేలికైంది. తాగేవాడికి తానేం తాగుతున్నాడో తెలియకుండా పోయింది. వాడు కల్లుకు అలవాటు పడ్డాననుకుంటాడు. నిజానికి అలవాటైంది నిద్రమాత్రకు.

2015లో తెలంగాణ సర్కారు కల్తీ మీద ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడు ఇది బయటపడింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు వందలాది మంది వచ్చారు. చేతుల వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం, అయినవాళ్లనే గుర్తుపట్టకపోవడం. ఇవన్నీ అల్ప్రాజోలం లాంటి మందును ఉన్నట్టుండి ఆపితే వచ్చే లక్షణాలు. ప్రాణం కూడా పోవచ్చు. పదేళ్ల తర్వాత, 2025 జులైలో, హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఒకచోట మందు ఆగి జనం పడిపోయారు, ఇంకోచోట మందున్న కల్లే చంపింది. చనిపోయినవాళ్లు దినకూలీలూ పేదలూ. ఈ సంగతి మనం దాటవేయకూడదు. గంజాయిదీ ఇదే దారి. మన్యం నుంచీ ఒడిశా సరిహద్దు నుంచీ భద్రాచలం మీదుగానో, కాజీపేట రైళ్లలోనో పోయే మూటలు పట్టుబడుతుంటే, వ్యాపారులు ఆకును వదిలి హషీష్ ఆయిల్‌కు మళ్లారు. ఆ నూనె చిన్న సీసాలో ఇమిడిపోతుంది, ఘాటు ఎన్నో రెట్లు.

పాతది ఆపిన చోట అంతకంటే ప్రమాదకరమైనది వస్తుందనే ఈ మాటకు రెండు అభ్యంతరాలు వస్తాయి, రెండూ బరువైనవే. మొదటిది, 1950లో మావో ప్రభుత్వం నల్లమందును మూడేళ్లలో దాదాపు లేకుండా చేసిందిగా అని. చేసింది. కానీ భూసంస్కరణ, వాడవాడలా సభలు, ఇంటివాళ్ల పూచీ, మరణశిక్షలు అన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది. 1980లలో తలుపులు తెరుచుకోగానే యున్నాన్ సరిహద్దు నుంచి హెరాయిన్ తిరిగొచ్చింది. రెండోది సారా మీద ఆడవాళ్ల పోరుకు పేరైన దూబగుంట. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు, 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం. వాళ్ల కోపం ముమ్మాటికీ న్యాయం. ‘వారుణి వాహిని’ పేరిట సర్కారే సారాను ఊరూరా చేర్చింది. ఆ సరఫరా ఆపమన్నారు, ఆపాల్సిందే. అయితే 1997లో మద్యనిషేధం పోయింది, సీసా మందు తిరిగొచ్చింది. సారా ఆగిన చోట నల్లబెల్లం, పటికతో గుడుంబా బట్టీలు రాజుకున్నాయి. ఆడవాళ్లు అడిగిన భద్రత మాత్రం దక్కలేదు. కల్లు కూడా మత్తే, ఇల్లు గుల్ల చేస్తుందనే మాటా నిజమే, దాన్ని నేను కాదనను. నేను అడిగేది మత్తుకు మర్యాద కాదు, ప్రాణానికి కాపలా.

కాబట్టి ఎక్సైజ్ దాడి తేదీ ముందుగా జిల్లా వైద్యాధికారికి రహస్యంగా చేరాలి. ఊరి పీహెచ్‌సీ నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకా మోతాదు మెల్లగా తగ్గించే మందులు సిద్ధంగా ఉండాలి. పడిపోయినవాణ్ని నేరస్థుడిగా కాక రోగిగా చేర్చుకోవాలి. దుకాణాల్లో తీసిన కల్లు నమూనాల ఫలితాలు ఆ ఊరి పంచాయతీ గోడ మీద అంటించాలి. లొట్టి ఎత్తే గీతకార్మికుడి మీద కంటే అల్ప్రాజోలం తయారయ్యే ఫ్యాక్టరీల మీద ఎక్కువ నిఘా పెట్టాలి.