పసుపు – అనుపానము



ప్రదక్షిణ చేయవలెనన్న కోరిక నిండుగా ఉన్నా, మోకాళ్ళు సహకరింపక గుడి మెట్ల వద్దనే కూర్చుండిపోయే పెద్దలను నిత్యమూ చూస్తున్నాము. కీళ్ళవాపునకు పసుపు మంచిదని అందరూ విన్నదే. అయితే, "ఏళ్ళ తరబడి పసుపు తింటూనే ఉన్నాము; నొప్పి తగ్గలేదేమి?" అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్న ఆలోచింపదగినది.

పసుపులో వాపును శమింపజేసే గుణము కలది కర్కుమిన్ అనే పదార్థము. పసుపు పొడిలో అది నూటికి సుమారు మూడు పాళ్ళు మాత్రమే. అది నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. లోనికి వెళ్ళినదానిని కూడా ప్రేగుల గోడలు, కాలేయము వెంటనే మార్చి బయటకు పంపివేస్తాయి. కనుక రక్తములో చేరేది అత్యల్పము.

ఔషధము ఎంత ముఖ్యమో, దానిని దేనితో సేవింపవలెనన్నదీ అంతే ముఖ్యమని ఆయుర్వేదము చెప్పింది. దానికే అనుపానమని పేరు. తేనె, నెయ్యి, పాలు, వేడినీరు ఇట్టివి. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు కలిసిన త్రికటువును అనేక యోగములలో చేర్చారు. మిరియాలలోను, పిప్పళ్ళలోను ఉన్న పైపరిన్, కర్కుమిన్‌ను కాలేయము మార్చివేసే వేగమును తగ్గిస్తుంది. 2 గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చినప్పుడు రక్తములో చేరే కర్కుమిన్ సుమారు 20 రెట్లు పెరిగినదని బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో ప్రకటించారు.

అయితే 2 గ్రాముల కర్కుమిన్ పొందుటకు 60 గ్రాములకు పైగా పసుపు కావలెను. కూరలోని చిటికెడు పసుపు నుండి అంతటి ఫలమును ఆశింపరాదు. పసుపును నూనెతోనో, నేతితోనో వండి, మిరియాలు చేర్చి తినుట మంచి ఆహారపద్ధతి. అది చికిత్సకు తోడే గాని చికిత్స కాదు.

మరియొక హెచ్చరిక. పైపరిన్ ఇతర ఔషధములను కూడా రక్తములో పెంచగలదు. రక్తము గడ్డకట్టకుండా, మూర్ఛ రాకుండా మందులు వాడేవారు, పిత్తాశయములో రాళ్ళు ఉన్నవారు సాంద్రీకృతమైన పసుపు మాత్రలను వైద్యుని అడగకుండా వాడరాదు. అట్టి మాత్రల వలన కొందరికి కాలేయము దెబ్బతిన్నది కూడా. ఉదయము లేవగానే వేళ్ళ కీళ్ళు బిగిసి, రెండు చేతులూ వాచేవారు పసుపును నమ్మి కాలయాపన చేయరాదు. ఆలస్యమైతే కీళ్ళు వంకరపోయి తిరిగి చక్కబడవు.

వంటింటి పసుపును వదలవద్దు. వైద్యుడు ఇచ్చిన మందును మానవద్దు.

శుభం భూయాత్.