గ్రాఫిక్స్ కార్డు పోయిందా అన్నా?

అశోక్‌నగర్ అనగానే అందరికీ గ్రూప్స్ కోచింగే గుర్తొస్తుంది. సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే వచ్చే పిల్లలు, ముగ్గురికో గది ఇచ్చే హాస్టళ్లు, జిరాక్సు షాపులు. చిక్కడపల్లి సందులో కంప్యూటర్లు రిపేరు చేసే నా దగ్గరికి ఇంకో రకం పిల్లలూ వస్తుంటారు. నారాయణగూడ వైపు యానిమేషన్ నేర్చుకునేవాళ్లు. వాళ్ల ఆశకి కారణాలున్నాయి. ఛోటా భీమ్ 2008లో టీవీకెక్కింది ఈ ఊరి నుంచే. ‘ఈగ’ గ్రాఫిక్స్‌కి జాతీయ అవార్డు అందుకున్న మకుట కూడా హైదరాబాద్ సంస్థే. పైసా ఖర్చులేని 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌తో తీసిన లాత్వియా సినిమా ‘ఫ్లో’కి 2025లో ఆస్కార్ వచ్చాక, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకీ ధైర్యమొచ్చింది.

బొమ్మ మీద చారలు పడ్డా, మెనూలు ముక్కలైనా, తెర మిణుకుమన్నా వాళ్లు ముందు అడిగేది కార్డు పోయిందా అనే. చాలాసార్లు పోదు. తప్పు నాలుగు చోట్ల పుట్టొచ్చు: ఫైల్లో, సాఫ్ట్‌వేర్‌లో, డ్రైవర్‌లో, హార్డ్‌వేర్‌లో. ఎక్కడ పుట్టిందో తేల్చుకోకుండా విండోస్ మళ్లీ వేయించుకోవడం దండగ.

తేల్చుకోవడానికి మొదటి పరీక్ష స్క్రీన్‌షాట్. తెర మీదికి వెళ్లాల్సిన చిత్రం ముందు మెమరీలో తయారవుతుంది, స్క్రీన్‌షాట్ దాన్నే కాపీ చేస్తుంది. అందులో చార లేకుండా ఫోన్‌తో తీసిన ఫొటోలోనే కనిపిస్తే అనుమానం తెర మీదికో దాని కేబుల్ మీదికో మళ్లుతుంది. చార స్క్రీన్‌షాట్‌లోనూ ఉంటే రెండో పరీక్ష: ఒక్క ఫ్రేమ్‌ని బ్లెండర్ రెండర్ ఇంజిన్ సైకిల్స్‌లో, సీపీయూ మీద రెండర్ చేయాలి. ఆ బొమ్మ శుభ్రంగా వస్తే గొడవ పనిచేసే కిటికీకే పరిమితం, సినిమాకి ఢోకా లేదు. రెండర్‌లోనూ మచ్చలుంటే ఫైలు విప్పి చూడాల్సిందే.

మొన్న ఒకమ్మాయి బోనాల వీధి సీను తెచ్చింది. వాకిలి, దాని మీద ముగ్గు. కెమెరా తిప్పితే చాలు, ముగ్గు చిరిగిన బట్టలా ముక్కలై మెరుస్తోంది.

“డ్రైవర్ మూడుసార్లు మార్చిన అన్నా. మా ఫ్రెండ్ మ్యాక్‌లో కూడా గిట్లనే వస్తుంది.”

“మరింకేం, డ్రైవర్‌ని ఇడిసిపెట్టు. ముగ్గు ఎంత ఎత్తుల పెట్టినవ్?”

“నేల మీదనే. సున్నా.”

“నేలెక్కడుంది?”

“అది కూడా సున్నానే.”

జవాబు అక్కడే ఉంది. తెర మీద ప్రతి చుక్క దగ్గరా ఏ ఉపరితలం కెమెరాకి దగ్గరో లెక్కగట్టి, దాన్నే చూపిస్తుంది గ్రాఫిక్స్ చిప్. వాకిలీ ముగ్గూ ఒకే ఎత్తులో ఉంటే, సుదర్శన్ థియేటర్లో ఒకే సీటుకి రెండు టికెట్లు కొట్టినట్టే. దశాంశాల చివర్న మిగిలే చిన్న తేడాని బట్టి ఒక చుక్కలో ముగ్గు గెలుస్తుంది, పక్క చుక్కలో నేల గెలుస్తుంది. కెమెరా కదిలితే లెక్క మారుతుంది. దీన్ని జెడ్ ఫైటింగ్ అంటారు. ముగ్గుని రెండు మిల్లీమీటర్లు పైకి లేపించాను, దగ్గర్లో మెరుపు పోయింది. కెమెరా దూరం వెళితే మళ్లీ కొంచెం వచ్చింది. బ్లెండర్ వ్యూలో చూపు మొదలయ్యే దూరం, అంటే క్లిప్ స్టార్ట్, మామూలుగా ఒక సెంటీమీటరు, చూపు ఆగే ఎండ్ 1000 మీటర్లు ఉంటుంది. లోతు కొలిచే సూక్ష్మతలో చాలా భాగం కెమెరా ముక్కు ముందరే ఖర్చయిపోయి దూరానికి మిగలదు. ఎన్ నొక్కి, వ్యూ ట్యాబ్‌లో స్టార్ట్‌ని పది సెంటీమీటర్లు చేయగానే అదీ సర్దుకుంది.

ఒకే ఫైలు వేర్వేరు సిస్టమ్స్‌లో ఒకేలా అల్లరి చేస్తే అనుమానించాల్సింది ముందు ఫైల్నే. ఒక్క సిస్టమ్‌లోనే చేస్తే అప్పుడు ఆ సిస్టమ్ సంగతి చూడాలి.

విండోస్ ల్యాప్‌టాప్‌లలో తరచూ రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటాయి. బ్లెండర్ చిన్నదాని మీద నడుస్తుందేమో చూడండి. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి బ్లెండర్‌కి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోవచ్చు. చిప్ రెండు సెకన్లు బదులివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ని తనే రీస్టార్ట్ చేస్తుంది. తెర ఒక్కసారి నల్లబడి సాఫ్ట్‌వేర్ మూతపడిందంటే కార్డు కాలిపోయిందని కాదు, సీను బరువెక్కి ఉండొచ్చు. ఇక మరీ పాత ల్యాప్‌టాప్‌లో బ్లెండర్ అసలు తెరుచుకోకపోతే వెర్షన్ చూడండి. 4.0 నుంచి విండోస్, లైనక్స్‌లలో, సాఫ్ట్‌వేర్ గ్రాఫిక్స్ చిప్‌తో మాట్లాడే ఓపెన్‌జీఎల్ 4.3 ఉండాలి. లేనివాళ్లకి నేను 3.6 వేసిస్తాను, నేర్చుకోవడానికి అది చాలు.

మ్యాక్ దారి వేరు. ఆపిల్ 2018లో ఓపెన్‌జీఎల్‌ని కాలం చెల్లినదిగా ప్రకటించి, తన సొంత మెటల్‌నే వాడమంది. బ్లెండర్ కూడా 4.0 నుంచి మ్యాక్‌లో మెటల్ మీదే నడుస్తుంది. మ్యాక్‌లో విడిగా వేసుకునే డ్రైవర్ ఉండదు, సిస్టమ్ అప్‌డేట్‌తోనే అదీ వస్తుంది. నిన్నటిదాకా బాగుండి అప్‌డేట్ తర్వాత పాడైతే, ఆ సిస్టమ్‌కి సరిపడే కొత్త బ్లెండర్ వేసి చూడటమే దారి.

ఉబుంటులో ముందు టెర్మినల్ తెరిచి గ్రాఫిక్స్ ఏ చిప్ మీద నడుస్తుందో అడగాలి. జవాబులో ఎల్‌ఎల్‌వీఎం‌పైప్ అని వస్తే చిప్ ఖాళీగా కూర్చుంది, బొమ్మంతా సీపీయూనే గీస్తోంది. ఎన్‌విడియా కార్డైతే అడిషనల్ డ్రైవర్స్‌లోంచి కంపెనీ డ్రైవర్ వేసుకోవాలి. అయినా మిణుకు తగ్గకపోతే, లాగిన్ దగ్గర, తెర మీద కిటికీలను నడిపే వేలాండ్ బదులు ఎక్స్‌ఆర్గ్ ఎంచుకునే వీలు చాలా వెర్షన్లలో ఉంది.

తప్పు ఎప్పుడు మొదలవుతుందో కూడా గమనించండి. తెరవగానే వస్తే డ్రైవర్‌నో ఫైల్నో చూడాలి. అరగంట తర్వాత వస్తే వేడిని అనుమానించాలి. మే నెలలో, ఫ్యాను గాలి అందని హాస్టల్ మంచం మీద, పరుపుకి ఆనించి రెండర్ పెడితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. రెండు పుస్తకాల మీదకెత్తి పెట్టి మళ్లీ చూడమంటాను. సిస్టమ్ లోడవకముందే, కంపెనీ లోగో మీద కూడా చారలుంటే మాత్రం సాఫ్ట్‌వేర్‌ని తిట్టి లాభం లేదు. బయటి మానిటర్ తగిలించి అక్కడా చారలొస్తే చిప్, రాకపోతే తెరో దాని కేబులో.

సబ్మిషన్ వారంలో ఏదీ అప్‌డేట్ చేయకండి. బ్లెండర్ జిప్ వెర్షన్లు పక్కపక్కనే ఉన్నా ఒకదానితో ఒకటి గొడవపడవు, కాబట్టి పనిచేస్తున్న పాతదాన్ని తీసేయొద్దు. కొత్త వెర్షన్‌లో ఫైలు తెరిచే ముందు కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, ఏది మార్చారో రాసుకోండి. రిపేరుకొచ్చేటప్పుడు హెల్ప్ మెనూలో సేవ్ సిస్టమ్ ఇన్ఫో నొక్కితే వచ్చే ఫైలు, ఒక స్క్రీన్‌షాట్, ఒక ఫోన్ ఫొటో పట్టుకురండి. ఆ మూడూ ఉంటే సగం కేసుల్లో ల్యాప్‌టాప్ మూత విప్పే పనే ఉండదు. మీకు బిల్లూ తగ్గుతుంది.