తీరానికి గడ్డి కాపలా

కోల్‌కతా: ఖిదిర్‌పూర్ రేవును ఆనుకుని ఉన్న వాట్‌గంజ్ వద్ద హుగ్లీ నదికి ఒండ్రుమట్టే ప్రధాన సమస్య. ఓడల రాకపోకలకు పూడికను నిరంతరం తవ్వి తీయవలసి వస్తోంది. ఈ పూడికను దిగువకు నెట్టే ఉద్దేశంతోనే 1975లో ఫరక్కా బ్యారేజీని ప్రారంభించారు. అయితే వాట్‌గంజ్‌కు సుదూర దిగువన, నది సముద్రంలో కలిసేచోట సమస్య ఇందుకు భిన్నమైనది. అక్కడ నేల నిలవడం లేదు. లోహచరా ద్వీపం నీట మునగగా, ఘోరమారా సగానికి పైగా కోతకు గురైంది.

రాతిగోడల నిర్మాణం వ్యయంతో కూడినది. పైగా గోడకు తగిలి వెనుదిరిగే అల దాని పాదం వద్దనున్న ఇసుకను లాగివేస్తుంది. ఈ నేపథ్యంలో ఉష్ణమండల తీరాలకు సముద్రపు గడ్డి సహజ రక్షణగా శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించింది. ఇది నాచు కాదు. వేళ్లు, పూలు కలిగిన మొక్క. ఆకులు అలల వేగాన్ని తగ్గిస్తే, వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి. తాబేళ్లు మేయగా పొట్టిగా మిగిలిన గడ్డి సైతం ఈ పని చేయగలదని కరీబియన్ తీరాలపై 2019లో వెలువడిన అధ్యయనం పేర్కొన్నది.

కానీ ఈ గడ్డికి సూర్యరశ్మి సోకే తేటనీరు అవసరం. బురదతో నిండిన హుగ్లీ ముఖద్వారం ఇందుకు అనువైనది కాదు. అక్కడ ఆ పాత్రను మరో మొక్క నిర్వహిస్తోంది. ధానీ గడ్డిగా పిలిచే ఉప్పునేల వరిజాతి గడ్డి కొత్త మేటలపై మొలిచి, ఒండ్రును నిలిపి, మడచెట్లకు నేలను సిద్ధం చేస్తుంది. రేవుకు భారమైన ఒండ్రే ద్వీపాలకు ఆధారమవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లోని ఉప్పాడ వద్ద నిర్మించిన జియోట్యూబు గోడ సైతం అలల ధాటికి దెబ్బతిన్నది. పెద్ద అలలు నేరుగా తాకే అటువంటి తీరంలో గడ్డి వేళ్లూనుకోవడం కష్టం. పులికాట్ సరస్సు, తమిళనాడులోని పాక్ అఖాతం వంటి ప్రశాంత జలాల్లో మాత్రం ఇది సహజంగా పెరుగుతోంది. పాక్ అఖాతంలో 448 చ.కి.మీ. ప్రాంతాన్ని 2022లో సముద్రపు ఆవుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఈ జంతువుకు సముద్రపు గడ్డే ఆహారం. రొయ్య, చేప పిల్లలకూ అదే ఆశ్రయం కావడంతో మత్స్యకారుల జీవనోపాధి కూడా దీనితో ముడిపడి ఉంది.

వెదురు చట్రాలకు కొబ్బరితాళ్లతో మొలకలను కట్టి తిరిగి నాటే ప్రయత్నాలు అక్కడ జరిగాయి. అయితే ట్రాలర్ల వలలు అడుగును ఈడ్చుకుపోతున్నంతకాలం ఎన్ని మొలకలు నాటినా ఫలితం స్వల్పమే. ఏ నీటికి తగిన మొక్కను ఆ నీటిలో పెంచడం, ఉన్న గడ్డిని ముందుగా కాపాడుకోవడం గోడల కంటే చవకైన మార్గమన్నది గమనార్హం.