గోడలు లేని పాత్ర

నీటిని కుండలో పోస్తాం. కరిగిన బంగారాన్ని మూసలో ఉంచుతాం. మరి పదికోట్ల డిగ్రీల వేడిగల పదార్థాన్ని దేనిలో ఉంచాలి? అంత వేడికి తాళగల లోహం లేదు. పైగా గోడకు తగిలితే ఆ పదార్థమే చప్పున చల్లారిపోతుంది.

అసలు అంత వేడి ఎందుకు? డ్యుటీరియం, ట్రిటియం అనేవి హైడ్రోజన్ రూపాలు. వాటి కేంద్రకాలు కలిస్తే హీలియం ఏర్పడి, అపారమైన శక్తి వెలువడుతుంది. ఇదే కేంద్రక సంలీనం. కాని రెండు కేంద్రకాలకూ ఉన్నది ధనావేశమే. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని మీరు చదువుకున్నారు కదా! ఆ వికర్షణను దాటి కలవాలంటే అవి మహావేగంతో ఢీకొనాలి. అంత వేగం రావాలంటే అంత వేడి కావాలి. ఆ వేడికి పరమాణువులనుండి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. అలా ఏర్పడిన ఆవేశిత కణాల సముదాయమే ప్లాస్మా.

సూర్యుడు ప్లాస్మాను తన గురుత్వాకర్షణతో అదిమి ఉంచుతాడు. మనకు అయస్కాంతం ఒక దిక్కు. ఆవేశం గల కణం అయస్కాంత బలరేఖను సులభంగా దాటిపోలేదు. దానిచుట్టూ స్ప్రింగులా తిరుగుతూ సాగుతుంది. అందుకని బలరేఖలను చిల్లుగారె ఆకారంలో వలయంగా చుడతారు. ప్లాస్మాలో విద్యుత్తును ప్రవహింపజేసి, ఆ రేఖలకు పేనిన తాడులా మెలిక పెడతారు. ఈ సాధనం పేరు టోకమాక్. దీనిని 1950లలో సోవియట్ శాస్త్రజ్ఞులు రూపొందించారు. మన దేశంలో 1989లో గాంధీనగర్‌లో ‘ఆదిత్య’ టోకమాక్ పని ప్రారంభించింది.

మరి, కేంద్రకాలను కలిపేది అయస్కాంతమేనా? కాదు. అది పట్టి ఉంచుతుంది, అంతే. అయినా ఈ లెక్క చూడండి. క్షేత్రబలాన్ని రెట్టింపు చేస్తే అయస్కాంత పీడనం 4 రెట్లవుతుంది. అదే దామాషాలో ప్లాస్మా పీడనాన్నీ పెంచగలిగితే, అదే వేడిలో, అంతే చోటులో 4 రెట్లు కణాలు ఇముడుతాయి. ప్రతి కణానికీ ఎదురుపడేవి కూడా 4 రెట్లు. అంటే సంలీనాలు 4×4, మొత్తం 16 రెట్లు!

1997లో ఇంగ్లండులోని ‘జెట్’ టోకమాక్‌లో ప్లాస్మాను వేడిచేయడానికి 24 మెగావాట్లు వాడితే, సంలీనంవల్ల వచ్చింది 16 మెగావాట్లే. ఈ లోటు తీరడానికి బలమైన అయస్కాంతం ఒక దారి. 2021లో అమెరికా శాస్త్రజ్ఞులు అతివాహకంతో చేసిన పెద్ద అయస్కాంతంలో 20 టెస్లాల క్షేత్రాన్ని సాధించారు. ఇది భూమి అయస్కాంత క్షేత్రానికి లక్షల రెట్లు.

క్షేత్రబలం మూడు రెట్లయితే సంలీనాలు ఎన్ని రెట్లవుతాయి? మీరే లెక్కకట్టండి.