శెనక్కాయ పొట్టు, బ్యాక్టీరియా పాతర

ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం దాకా శెనక్కాయలు పండే ఊళ్లే. కాయ బరువులో దాదాపు నాలుగో వంతు పొట్టు. అది బాయిలర్లకో బట్టీలకో పోతుంది. ఓ గుప్పెడు పొట్టు రాత్రి నీళ్లలో నానేసి పొద్దున చూడండి. రంగు ముదురుతుంది, పైన గీతల వల చెక్కుచెదరదు. గోటితో నొక్కితే చిట్లుతుందే గానీ ముద్దవదు. దీన్నుంచి చక్కెర తీసి, బ్యాక్టీరియాకు మేపి ప్లాస్టిక్ చేయించాలంటే అసలు చిక్కు ఈ మొండితనమే.

ప్లాస్టిక్ చేసే బ్యాక్టీరియా కొత్తది కాదు. 1926లో పాశ్చర్ సంస్థలో మొరిస్ లెమ్వాన్ ఒక బ్యాక్టీరియా ఒంట్లో పీహెచ్‌బీ అనే ప్లాస్టిక్‌ను గుర్తించాడు. దాచుకునే బుద్ధి కరువు సీమకు తెలిసిందే: పండిన ఏడు జొన్నలు పాతరలో పోసి, ఎండిన ఏడు తీసుకు తినడం. చక్కెర దండిగా ఉండి నత్రజని చాలనప్పుడు బ్యాక్టీరియా కూడా మిగులును గింజలుగా లోపల దాచుకుంటుంది. కుప్రియావిడస్ నెకేటర్ అనే బ్యాక్టీరియాలో ఆ నిల్వ ఎండు బరువులో నూటికి 80 పాళ్ల దాకా చేరుతుంది. ఆ గింజలను వేరుచేసి 175 డిగ్రీల దగ్గర కరిగిస్తే అచ్చు పోయొచ్చు.

మరి తనంతట తానే దాచుకునే బ్యాక్టీరియాకు జన్యువులు మార్చడం దేనికి? పొట్టు నుంచి వచ్చే జైలోజ్ చక్కెరను కుప్రియావిడస్ ముట్టదు. 1980ల చివర్లో అమెరికా శాస్త్రవేత్తలు పాతర కట్టే మూడు ఎంజైముల జన్యువులను దాన్నుంచి తీసి ఈ-కోలై అనే మరో బ్యాక్టీరియాలో పెట్టారు. ఈ-కోలై జైలోజ్ తింటుంది. పైగా పాతర తవ్వుకునే ఎంజైము దానికి లేదు. దాచింది దాచినట్టే మన చేతికొస్తుంది. నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఇదే.

ఇక పొట్టు మొండితనం సంగతి: అందులో నూటికి 30 పాళ్లు లిగ్నిన్ అనే గట్టి పదార్థం. ఆమ్లంతోనో క్షారంతోనో ఉడికించి, ఎంజైములు కలిపితేనే చక్కెర ఊడుతుంది. ఆమ్లంలో ఉడికేటప్పుడు పుట్టే ఫర్‌ఫ్యూరాల్ బ్యాక్టీరియాకు విషం. లెక్క కూడా చూడండి: పొట్టులో చక్కెరగా మారగలిగేది సుమారు సగం, 3 కిలోల చక్కెరకు 1 కిలో ప్లాస్టిక్. ఏదీ వృథా కాకపోయినా 100 కిలోల పొట్టుకు 15-17 కిలోలే.

హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఎస్. వెంకటమోహన్ బృందం వేరే దారి పట్టింది. జన్యువుల జోలికి పోకుండా, ఆహార వ్యర్థాలను పులియబెట్టి, వచ్చిన ఆమ్లాలను బ్యాక్టీరియా గుంపులకు మేపి ఇదే జాతి ప్లాస్టిక్ రాబట్టింది. మెత్తటి వ్యర్థాలకు ఆ దారి మేలు. పొట్టు విషయంలో మాత్రం జన్యువులు మార్చిన జీవి మీదే నాకు నమ్మకం.

ఇంత కష్టపడి చేసినదాన్ని క్యారీబ్యాగులకు వాడకూడదంటాను, గుడ్డసంచి ఉండనే ఉంది. టమాటా మళ్లలో పరిచే మల్చింగ్ షీటుకు వాడాలి. పంట అయ్యాక ఇప్పటి షీటును లాగితే చిరిగిపోతుంది. పేలికలు మట్టిలోనే మిగిలి, తర్వాతి దుక్కిలో గుంటకకు చుట్టుకుంటాయి. పీహెచ్‌బీ ఒక్కటే అయితే పెళుసు, సాగేలా చేసే వాలరేట్ కలిపిన రకం కావాలి. ఆ షీటు ముక్కలు నేలలోని సూక్ష్మజీవులకు తెలిసిన తిండే. తడి ఉంటే నెలల్లో తినేస్తాయి, వాన రాని ఏడు ఇంకా ఆలస్యమవుతుంది.